దాన్ని నమ్మకురా

కోత మిల్లు గేటుకి కొత్త తాళం వేసి, అది పడిందో లేదో మూడుసార్లు లాగి చూసి, ఎందుకైనా మంచిదని తనిఖీ నాలుగోసారి కూడా లాగాడు.

తనిఖీ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పెద్ద గోడౌను గేటు దగ్గర నిలబడి, సాయంత్రం ఇళ్లకు పోయే పనివాళ్ల సంచులు తడిమి చూసే ఉద్యోగం ఏళ్ల తరబడి చేస్తే లోకం పెట్టిన పేరు. ఉద్యోగం అయిపోయింది కానీ చేతులు ఊరుకోవు. ఇంటికొచ్చిన చుట్టాల సంచులు చూసినా ఆయన వేళ్లు కదులుతాయని భార్య ఎగతాళి చేస్తుంది. ఎవరైనా నమస్కారం పెడితే, వీడికి నాతో ఏం పని పడిందబ్బా అని ఆలోచించుకుని, ఆ తర్వాతే తిరిగి పెడతాడు.

నిజానికి పాత తాళం బాగానే పనిచేస్తోంది. దానికి రెండు తాళంచెవులు. ఒకటి తనిఖీ దగ్గర, రెండోది అతని చెల్లెలి దగ్గర. దానికున్న లోపమల్లా అదే.

చెల్లెలు సైకిలు దిగి గేటు వంక చూసింది.

"కొత్త తాళమా అన్నయ్యా?"

"పాతది తుప్పు పట్టింది."

"మొన్ననేగా నూనె వేశాను!"

"వేసినా పట్టింది."

"సర్లే. నాకో తాళంచెవి ఇవ్వు మరి."

"కొట్టువాడు ఒక్కటే ఇచ్చాడు. ఇంకోటి చేయించాలి."

తాళంతో పాటు వచ్చిన రెండో చెవి అప్పటికే అతని లోపలి జేబులో, గుండెకు ఆనుకుని ఉంది. చెల్లెలు ఇంకేమీ అనకుండా లోపలికి నడిచింది. ఇంత తేలిగ్గా ఊరుకుందంటే ఎందుకో, అని తనిఖీ ఆ పూటంతా ఆలోచించాడు.

ఆ మిల్లు వాళ్ల తాత పెట్టింది, నాన్న నడిపింది. మనిషెత్తు చక్రాలు రెండు, కిందొకటి పైనొకటి. వాటి చుట్టూ తిరిగే పట్టీ రంపం. దాని ముందు పట్టాలు, పట్టాల మీద ఇనుప బండి. దుంగని బండి మీదకి దొర్లించి, కొక్కాలతో బిగించి, మోటారు వేస్తే బండి రంపం వైపు సాగుతుంది. కోత అయ్యాక తనంతట తానే వెనక్కి జారి రావడానికి పట్టాలను కొంచెం వాలుగా వేశారు. అలా జారి వచ్చే బండిని ఆపేది, పక్కనే నిలువుగా ఉండే బ్రేకు పిడి.

ఆ పిడి మీద నాన్న తన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. జ్వరం వచ్చినా తనే వచ్చి నిలబడేవాడు. రాలేకపోతే ఆ పూట మిల్లే ఆపేసేవాడు. కన్నకొడుకు ఒకసారి సరదాకి పట్టుకుంటే వీపు విమానం మోత మోగింది. అప్పటి నుంచీ తనిఖీ మనసులో ఒక మాట దిగబడిపోయింది: మా నాన్న ఎవర్నీ నమ్మడు. తనకి అబ్బిన గుణం కూడా అదేనని అతను కొంచెం గర్వపడేవాడు కూడా.

చెల్లెలి సంగతి వేరు. అది నాన్న వెనకాలే రంపపు పొట్టులో పొర్లుతూ పెరిగింది. దుంగ మీద గోటితో గీసి, ఇది లోపలి గట్టి చేవ, ఇది మెత్తటి పైకండ అని చెప్పేది. నాన్న దాన్ని ఎన్నడూ 'ఏమే' అని పిలవలేదు, మగపిల్లాణ్ణి పిలిచినట్టు 'ఏరా' అనేవాడు. వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. కొడుకుని ఎలా పిలిచేవాడంటారా? పని ఉంటే పిలిచేవాడు.

రంపం తెగి, పైకప్పు కూలి, నాన్నకి ఓపిక పోయి, మిల్లు మూతపడింది. చెల్లెలు నీళ్ల మోటార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకుంది. చివరికి నాన్నకి పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో పడినప్పుడు, ఆ మంచం పక్కనే కూర్చుని అన్నాచెల్లెళ్లు మిల్లు మళ్లీ తెరుద్దామని అనుకున్నారు. అనుకున్నది చెల్లెలు. తనిఖీ వద్దనలేదు, అంతే.

జబ్బు నాన్న నోటిని పూర్తిగా తీసుకోలేదు కానీ మాటని బాగా వెనకపెట్టింది. ఇప్పుడు అడిగినదానికి ఎప్పుడో జవాబు వచ్చేది. "దిండు ఎత్తు చెయ్యనా?" అని కోడలు అడిగి, అడిగిన సంగతే మర్చిపోయి కిటికీ వేస్తుంటే, డాక్టరు వచ్చి "ఎలా ఉన్నారు పెద్దాయనా?" అంటే, "ఎత్తు చెయ్యి" అనేవాడు. డాక్టరు రెండు చేతులూ ఎత్తి నిలబడిన రోజు వార్డు వార్డంతా నవ్వింది.

ఒకరోజు తనిఖీ వార్డు గుమ్మంలోకి వస్తుంటే, చెల్లెలు చేతిలో మందుల చీటీతో ఎదురొచ్చి బయటికి వెళ్లింది. నాన్న కళ్లు దాని వెనకాలే గుమ్మం దాకా వెళ్లాయి. తనిఖీ మంచం దగ్గరికి చేరేసరికి నాన్న పెదవులు కదిలాయి.

"దాన్ని నమ్మకురా," అన్నాడు. కాసేపు ఊపిరి కూడగట్టుకుని, "నమ్మించి నమ్మించి చెయ్యిస్తుంది," అన్నాడు.

నాన్న ఆడిన మాటల్లో అదే చివరిది. సాయంత్రానికి నోరు పూర్తిగా పడిపోయింది, ఆ వారంలోనే మనిషీ పోయాడు.

తనిఖీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. గారాల కూతురి గురించి తండ్రి పోతూ పోతూ అలా అన్నాడంటే ఎంత చూసి ఉండాలి, ఎంత నొచ్చుకుని ఉండాలి! నిప్పు లేనిదే పొగ రాదు. పైగా, ఏం దాచుకోవాలి, లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది. ఇన్నేళ్లకి నాన్న తనని పిలిచి, తనతో ఒక రహస్యం చెప్పాడు. ఎవర్నీ నమ్మని మనిషి తనని నమ్మాడు. ఆ మాటని అతను ఆస్తిలా దాచుకున్నాడు.

మిల్లు తిరిగేదాకా చెల్లెలు కావాలి, ఎందుకంటే చక్రం ఎటు తిరుగుతుందో కూడా తనిఖీకి తెలియదు. తిరిగాక దాని దారి అది చూసుకోవాలి. ఇదీ అతను మనసులో వేసుకున్న లెక్క. చెల్లెలు మాత్రం మోటార్ల షెడ్డు ఎత్తేసి, పనిముట్లన్నీ బండికెత్తి తెచ్చి మిల్లులో దించింది. వెనక్కి వెళ్లడానికి దానికి చోటే లేదు. వదిన "అదేంటమ్మా, ఉన్నది కాస్తా వదులుకున్నావు?" అంటే, "నాన్న మిల్లు ఉండగా నాకు వేరే షెడ్డెందుకు వదినా?" అంది. గోడ అవతల నుంచి తనిఖీ ఆ మాట విన్నాడు. ఉన్నది వదులుకుని వచ్చిందంటే, ఇక్కడ అంతకన్నా పెద్దదేదో కనపడి ఉండాలి కదా?

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. తనిఖీకి మిల్లులో ప్రతి వస్తువూ పచ్చగానే కనపడింది. చెల్లెలు టేపు పట్టుకుని ఆవరణ కొలిస్తే, వాటాలు వేసుకుంటోందనుకున్నాడు. అది దుంగల లారీ తిరగడానికి చోటు చూసింది. పాత రంపం చుట్ట చుట్టి పట్నం పంపిస్తే, అమ్మేసిందనుకున్నాడు. పళ్లు సాన పెట్టించుకుని రంపం తిరిగొచ్చింది. తిరిగి రాగానే, ఇది మన రంపమేనా, మార్చేశారా అని రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు.

ఒకసారి ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషొకడు గేటు బయట చెల్లెలితో చాలాసేపు మాట్లాడాడు. తనిఖీ చెక్కల చాటున నక్కి విన్నాడు. గాలి అడ్డం తిరిగి 'ఎంతకిస్తారు' అన్న ముక్క తప్ప ఏమీ వినపడలేదు. ఆ ముక్క చాలదూ! రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మర్నాడు తేలిందేమిటంటే అతను తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. పలకలు ఎంతకిస్తారని అడిగి, మొట్టమొదటి ఆర్డరు ఇచ్చి వెళ్లాడు.

"ఇప్పుడైనా మనసు కుదుటపడిందా?" అంది భార్య. మొగుడి తీరు ఆమెకి తెలుసు కానీ, దాని వేరు ఎక్కడుందో తెలియదు.

"ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు?"

"అది మీ చెల్లెలండీ, పుట్ట కాదు."

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"ఈశ్వరుడికి వేరే పనులుంటాయి. మీకు లేవు," అని ఆమె గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది.

చక్రాలకి కొత్త బేరింగులు పడ్డాయి. పైకప్పుకి రేకులు పడ్డాయి. పట్టాల మధ్య మొలిచిన గడ్డి పీకి, తుప్పు గీకి, చెల్లెలు బండిని అటూ ఇటూ నడిపించి చూసింది. మధ్యాహ్నం బండి నీడలో కూర్చుని అన్నం తింటూ, బ్రేకు పిడి వంక చూస్తూ హఠాత్తుగా అడిగింది.

"అన్నయ్యా, చివర్లో నాన్న నీతో ఏమైనా అన్నాడా?"

తనిఖీ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏమంటాడు? మాటెక్కడుంది ఆయనకి?"

"అదేలే. నేనొకటి అడిగాను. జవాబు చెప్పేలోపే నర్సు మందులకి పంపింది. తిరిగొచ్చేసరికి నోరు పడిపోయింది. అది నన్ను తినేస్తోంది."

ఏమడిగావని అతను అడగలేదు. అడగాల్సిన అవసరం కనపడలేదు. మిల్లు ఎవరి పేర రాస్తావని అడిగి ఉంటుంది, ఇంకేముంటుంది! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నాన్న ఏదైనా చెప్పాడేమోనని ఆరా తీస్తోంది. తనిఖీ మంచినీళ్లు తాగి, "తిను, అన్నం ఆరిపోతోంది," అన్నాడు.

"పిడి నువ్వు పట్టుకో అన్నయ్యా," అంది అది చెయ్యి కడుక్కుంటూ. "నేను దుంగ వైపు ఉంటాను. నాన్న నిలబడిన చోట నువ్వు నిలబడితేనే బాగుంటుంది."

చిన్నప్పుడు దెబ్బలు తిన్న పిడి అది. నాన్న అరచేతి రాపిడికి నున్నబడి, పట్టుకోగానే చేతిలో ఇమిడిపోయింది. లాగి చూశాడు, బండి ఠక్కున ఆగింది. మళ్లీ లాగాడు, మళ్లీ ఆగింది. లోకంలో ఇంత నిజాయితీగల వస్తువు ఇంకోటి లేదనిపించింది. చెల్లెలు చేతులారా ఇచ్చేసిందేమిటి, ఇందులో మతలబేమిటి అన్న ఆలోచన వెంటనే వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

మిల్లు తిరిగిన రోజు బాగానే మొదలైంది. రంపం కూత అందుకుంది. మొదటి దుంగ రెండుగా విడిపోయి, ఎర్రటి చేవ బయటపడి, పచ్చి చెక్క వాసన షెడ్డంతా కమ్మేసింది. చెల్లెలు ఆ పలక మీద అరచెయ్యి వేసి నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు, కనుబొమ్మల మీద పొట్టు. "నాన్న చూడాల్సింది రా అన్నయ్యా," అంది. ఆ 'రా' తన నోట్లోంచి వచ్చిందని అది గమనించుకోనే లేదు. తనిఖీకి ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అన్నీ మర్చిపోయి దాని తల మీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు.

మధ్యాహ్నం దాటాక పిడి కొంచెం మెత్తబడినట్టు అనిపించింది. పొద్దున ఠక్కున ఆగిన బండి ఇప్పుడు జానెడు జారి ఆగుతోంది. ఏదో కాలిన వాసన కూడా వచ్చింది. చెబుదామనుకున్నాడు. అప్పుడే చెల్లెలు ఇద్దరు కూలీలతో ఏదో గుసగుసగా మాట్లాడుతుంటే అతని చెవులు అటు పోయాయి.

అన్నిటికన్నా లావు దుంగ బండెక్కింది. ఒక కోత అయి బండి వెనక్కి జారుతుంటే, చెల్లెలు చెయ్యెత్తి ఆపమంది. తనిఖీ పిడి లాగి పట్టాడు. పట్టాల చివర, బండిని అడ్డుకునే ఇనుప స్తంభం దగ్గర ఏదో పడి ఉంది. చెల్లెలు వంగి, స్తంభానికీ బండికీ మధ్య చెయ్యి పెట్టింది.

ఏం తీస్తోంది? తనిఖీ మెడ సాచాడు. గోడౌను గేటు దగ్గర నేర్చిన కళ్లు ఆ చేతి మీద వాలాయి. ఏదో తీసింది, గుప్పిట మూసింది. ఏమిటది? ఎందుకు మూసింది? అరచేతిలో పిడి వణికింది, వేడెక్కింది, పట్టు సడలింది. అదంతా అతనికి తెలుస్తూనే ఉంది. కానీ చూపు గుప్పిట మీద ఉంది. అరవడానికి నోరు తెరిచేసరికి బండి కదిలిపోయింది. రెండు చేతులా పిడికి వేలాడినా బండి ఆగలేదు.

చెల్లెలి కేక రంపం కూతని మించి వినపడింది.

కూలీలు గడ్డపారలతో బండిని పైకి నెట్టారు. దాని గుప్పిట్లోంచి రాలి పడింది ఒక బెరడు ముక్క. బండి చక్రానికి అడ్డం పడకుండా తీసింది.

ఆ ఊళ్లో ఒకటే ఆస్పత్రి. నాన్న పోయిన వార్డుకి ఎదురు వార్డులో చెల్లెల్ని పడుకోబెట్టారు. ఎడమచేతి వేళ్లు రెండు తీసేశారు. మిగిలిన చెయ్యంతా తెల్లటి గుడ్డల మూటలా దిండు మీద ఉంది. మర్నాడు పొద్దున తనిఖీ, భార్య వెళ్లేసరికి మెలకువగానే ఉంది.

"అన్నయ్యా, పిడి లాగే పట్టుకున్నావు కదూ?" అంది. నింద వేసే గొంతు కాదు, మోటారు ఎందుకు ఆగిందో తెలుసుకునే మెకానిక్ గొంతు.

"లాగే పట్టుకున్నానమ్మా. లాగినకొద్దీ జారింది."

"వేడెక్కితే జారిపోతుందన్నమాట. చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే అంత బాగా పట్టేది! నాకు మొదట్నుంచీ దాని మీదే అనుమానం. అందుకేగా నాన్నని అడిగింది."

తనిఖీ ముందుకు వంగాడు. "ఏమని అడిగావు?"

"బండి బ్రేకు పాతదైపోయింది కదా నాన్నా, దాన్ని నమ్మొచ్చా, అని. ఆయనొక్కడికేగా దాని సంగతి తెలిసింది. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు కదా. పాపం, జవాబు చెప్పకుండానే పోయాడు."

వదిన ఫ్లాస్కు మూత తిప్పుతోంది. బయట ఎవరో చక్రాల మంచం తోసుకుపోతున్నారు. తనిఖీ గోడకి ఆనుకున్నాడు. అబద్ధం చెప్పొచ్చు. జీవితంలో మొదటిసారి, ఎవరూ తనని తనిఖీ చేయరని తెలిసిన చోట, అతను తన సంచి తనే విప్పాడు.

"చెప్పాడు," అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు అలా బయటికెళ్లావు, నేనిలా లోపలికొచ్చాను. 'దాన్ని నమ్మకురా. నమ్మించి నమ్మించి చెయ్యిస్తుంది' అన్నాడు."

చెల్లెలి మొహం వెలిగిపోయింది. అంత నొప్పిలో, అంత నీరసంలో, చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది. "నమ్మకురా అన్నాడా? 'రా' అన్నాడా?"

"అన్నాడు."

"నన్నే 'రా' అన్నది! నాకే చెప్పాడు వదినా, విన్నావా, నాకు జవాబు చెప్పాడు!" అని మంచి చేత్తో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, ఏడ్చింది. ఆ ఏడుపు మెల్లగా సద్దుమణిగింది. కళ్లు తుడుచుకుంటున్న చెయ్యి మధ్యలో ఆగింది.

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

తనిఖీ దుప్పటి అంచు సరిచేశాడు.

"నేనడిగాను కూడా. బండి దగ్గర అన్నం తింటూ అడిగాను."

అతను నేల చూపులు చూశాడు. చెల్లెలు అతని మొహాన్ని చూస్తూ ఉండిపోయింది. కొత్త తాళం, చెక్కల చాటు నీడ, చుట్టూ తిరిగే చూపు, అన్నీ ఒక్కొక్కటే దానికి గుర్తొస్తున్నట్టు అతనికి తెలుస్తూనే ఉంది.

"దాన్ని అంటే..." అంది చాలా చిన్నగా. "నేననుకున్నావా అన్నయ్యా?"

వదిన ఫ్లాస్కు కింద పెట్టేసి మొగుడి వంక చూసింది. తనిఖీ లోపలి జేబులో చెయ్యి పెట్టి, రెండో తాళంచెవి తీసి దుప్పటి మీద పెట్టాడు. ఒంటి వేడికి అది వెచ్చగా ఉంది. చెల్లెలు దాన్ని ముట్టుకోలేదు.

"కొట్టువాడు ఒక్కటే ఇచ్చాడన్నావుగా," అంది.

"ఆ బ్రేకు పీకించేస్తాను. కొత్తది నువ్వే చూసి కొను, నువ్వే బిగించు. తప్పంతా నాదేనమ్మా. నాన్న నీకిచ్చిన మాటని నేను ఎత్తుకుపోయాను." తాళంచెవిని ఇంకొంచెం ముందుకి జరిపాడు. "మళ్లీ మిల్లుకి వస్తావా?"

చెల్లెలు గోడ వైపు తిరిగి పడుకుంది.

కాసేపు చూసి భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. "పదండి. దాన్ని పడుకోనివ్వండి."

ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. గడప మీద తనిఖీ ఆగిపోయాడు. ఎదురుగా నాన్న పడుకున్న వార్డు. ఆ గుమ్మంలోనే ఒక మనిషి ప్రశ్న అడిగి వెళ్లిపోయింది, ఇంకొకడు జవాబు పట్టుకుని వెళ్లిపోయాడు.

వెనక్కి వచ్చి మంచం పక్కన ఇనుప స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వెళ్లు," అన్నాడు భార్యతో.

"మరి మీరు?"

"అడిగాను కదా. జవాబు వచ్చేదాకా ఉంటాను."